వినికిడి యంత్రానికి మెడికేర్ కవరేజీ లేదంటే ఇంప్లాంట్‌కూ లేదని కాదు

అమెరికాలో ఆడియాలజిస్టుగా (వినికిడి నిపుణుడిగా) పనిచేస్తున్న నాకు, తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వచ్చే తెలుగు కుటుంబాల నుంచి పదే పదే వినిపించే మాట ఒకటి ఉంది: "మెడికేర్ చెవికి సంబంధించి దేనికీ డబ్బు ఇవ్వదట కదండీ." ఇందులో సగమే నిజం. మెడికేర్ అంటే ముఖ్యంగా 65 ఏళ్ళు దాటినవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. దాన్ని ఏర్పరచిన 1965 నాటి చట్టమే మామూలు వినికిడి యంత్రాలను మినహాయించింది. కాక్లియర్ ఇంప్లాంట్ మాత్రం శబ్దాన్ని పెద్దది చేసి చెవిలోకి పంపే పరికరం కాదు. దెబ్బతిన్న లోపలి చెవికి బదులుగా శ్రవణ నాడిని నేరుగా విద్యుత్తుతో ప్రేరేపిస్తుంది కాబట్టి, మెడికేర్ దాన్ని కృత్రిమ అవయవాల కోవలో చేర్చింది. అర్హత ఉన్నవారికి శస్త్రచికిత్సతో పాటు శబ్దాన్ని పట్టుకుని ఇంప్లాంట్‌కు పంపే, చెవి వెనుక పెట్టుకునే ప్రాసెసర్‌కూ కవరేజీ ఉంటుంది.

ఒక అమ్మాయి తన తల్లిని తీసుకొచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితం నా ముందు పరిచింది. ఫోనులో ఎవరో చెప్పినదాన్ని "హియరింగ్: నాట్ కవర్డ్" అని రాసుకుని, కింద రెండు గీతలు గీసింది. ఆ రెండు గీతల వల్ల ఆ తల్లి నాలుగేళ్ళు కూతురి పెదవులు చూసి మాటలు ఊహించుకుంటూ గడిపారు. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆమె వినికిడి యంత్రం గురించి అడిగింది, దానికి తగ్గ జవాబే వచ్చింది. ఫోను చేసినప్పుడు "కాక్లియర్ ఇంప్లాంట్" అనే పేరుతోనే అడగండి.

పూర్తిగా చెవుడు వస్తేనే ఇంప్లాంట్ ఇస్తారన్నదీ పాత మాటే. రెండు చెవులలోనూ మధ్యస్థం నుంచి అతి తీవ్రస్థాయి వరకు నాడీ సంబంధిత వినికిడి లోపం ఉండి, సరైన యంత్రం పెట్టుకున్నా రికార్డు చేసిన వాక్యాలను 60 శాతానికి మించి గుర్తించలేకపోతే, మిగతా వైద్యపరమైన షరతులకు లోబడి అర్హత ఉంటుంది. 2022 సెప్టెంబరు వరకు ఆ హద్దు 40 శాతం. అప్పట్లో కాదనిపించుకున్నవారు మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. ఇంగ్లీషు అంతగా రాని పెద్దవారికి ఇంగ్లీషు వాక్యాలు వినిపిస్తే లోపం చెవిదో భాషదో తేలదు కనుక, ఆ సంగతి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి.

వయసు మీరిందన్న భయం అక్కరలేదు, గరిష్ఠ వయసు నిబంధన లేదు. ప్రైవేటు బీమా కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు కూడా దీన్ని కవర్ చేయవలసిందే, అయితే ముందస్తు అనుమతి అడగవచ్చు. తిరస్కరణ లేఖ వస్తే అందులోని గడువులోగా అప్పీలు చేయండి.