ఆ షాపులో కొనొచ్చా తాతయ్యా?

డాలస్‌లో ఉన్న నా మనవలకు, వాళ్ల చర్చి యూత్ గ్రూపు పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ ఒంగోలులో అందరం బాగున్నాం.

మీరు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. మీ చర్చి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆంటీ కొన్ని కంపెనీల లిస్టు పెట్టారట. అవి మన విశ్వాసానికి పడని ఉద్యమాలకు విరాళాలిస్తున్నాయి, నిజమైన విశ్వాసులెవరూ అక్కడ పైసా ఖర్చు పెట్టకూడదు అని కింద రాశారట. కొంటే పాపమా అని పెద్దవాడు అడిగాడు. నా డిస్నీ బొమ్మలు పారేయాలా అని చిన్నది అడిగింది. ఫోన్లో చెబితే సగం వినపడదు, మిగతా సగంలో మీ నానమ్మ ఫోన్ లాక్కుంటుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, తర్వాత వాదించుకుందాం. కొనడం పాపమని నేననుకోను. మీ మనసు ఒప్పుకోక కొనడం మానేస్తే అదీ మంచిదే, మీ ఇష్టం. కానీ నేను మానేశాను కాబట్టి పక్కవాడూ మానాలి, మానకపోతే వాడి భక్తి తక్కువ అంటే మాత్రం నేను మీ పక్షాన ఉండను.

ఈ చిక్కు ఈనాటిది కాదు. తొలినాటి సంఘం ఉన్న కొరింథు అనే గ్రీకు పట్టణంలో, గుళ్లలో బలి ఇచ్చిన పశువుల మాంసం అంగడికి కూడా వచ్చేది. ఏ ముక్క ఎక్కడిదో కొనేవాడికి తెలియదు. తింటే విగ్రహారాధనలో పాలు పంచుకున్నట్టేనా అని అక్కడి విశ్వాసులకు ఒకటే టెన్షన్. మొదటి కొరింథీయుల పత్రికలో 8, 10 అధ్యాయాలు తీరిగ్గా చదవండి. ఆ పత్రిక రాసిన పౌలు అన్నిటికీ ఒకే జవాబు ఇవ్వడు. గుడి విందులో బల్ల దగ్గర కూర్చోవద్దంటాడు. కటికి అంగడిలో అమ్మేదాన్ని మాత్రం ఆరా తీయకుండా కొనుక్కుని తినమంటాడు, భూమీ అందులో ఉన్నదంతా ప్రభువుదే కదా అని. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినమంటాడు. అయితే అక్కడ ఎవరైనా 'ఇది బలి అర్పించినది' అని చెబితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానేయమంటాడు. నీ కోసం కాదు, వాడి కోసం.

మన ఊళ్లలో ఇదే ప్రశ్న ప్రసాదం దగ్గర వస్తుంది. దసరాకు పక్కింటివాళ్లు పులిహోర పంపిస్తే తినే విశ్వాసులున్నారు, తినని విశ్వాసులున్నారు. మీ నానమ్మ తినదు. అలాగని ఆ గిన్నె ఖాళీగా వెనక్కి పంపదు, ఏదో ఒకటి వేసి పంపుతుంది. నేను తింటాను. మా ఇద్దరికీ దీనిమీద గొడవ ఎప్పుడూ రాలేదు. రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయం చెప్పేది కూడా ఇదే. తినేవాడు తిననివాణ్ణి చిన్నచూపు చూడకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. ఎవరి మనసులో వాళ్లకు రూఢిగా ఉండాలి. మనసు తప్పంటుంటే కూడా చేశావా, అది నీకు తప్పే.

మొదటి కొరింథీయుల పత్రిక 5వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది. బాయ్‌కాట్ పోస్టుల్లో దాన్ని ఎవరూ పెట్టరు. దుర్మార్గులతో కలవొద్దని నేను రాసింది సంఘంలో ఉంటూ అలా ప్రవర్తించేవాళ్ల గురించి, లోకంలో ఉన్నవాళ్ల గురించి కాదు, వాళ్లందరితోనూ తెంచుకోవాలంటే మీరు లోకంలోంచే వెళ్లిపోవాలి అంటాడు పౌలు. నేను బ్యాంకులో పని చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు ఈ మాట బాగా అర్థమవుతుంది. డిపాజిటర్ కట్టిన పది రూపాయలు ఎవరి లోనుకు వెళ్లాయో మేనేజరు కూడా చూపించలేడు. మీ నాన్న రిటైర్మెంట్ సొమ్ము, పెద్ద కంపెనీల షేర్లన్నీ కలిపి కొనే ఇండెక్స్ ఫండ్‌లో ఉందంటే, ఆ లిస్టులో ఉన్న పెద్ద కంపెనీలలో చాలావాటికి ఆయన కొద్దో గొప్పో వాటాదారు అయ్యే ఉంటాడు. ఆంటీ వాళ్ల ఆయన కూడా అంతే. కాఫీ కొనడం మానేసి షేర్లు ఉంచుకోవడం నాకు నవ్వు తెప్పిస్తుంది. నవ్వొస్తుందని ఆమెతో మాత్రం అనకండి.

అలాగని బాయ్‌కాట్లన్నీ తీసిపారేసేవాణ్ణి కాదు. నాకు బాగా నచ్చినది ఒకటుంది.

1791 ఏప్రిల్‌లో బానిసల వ్యాపారం ఆపాలని విల్బర్‌ఫోర్స్ అనే ఎంపీ బ్రిటిష్ పార్లమెంటులో పెట్టిన ప్రతిపాదన 163-88 ఓట్లతో వీగిపోయింది. ఆ ఏడాదే విలియం ఫాక్స్ అనే ఆయన ఒక కరపత్రం అచ్చు వేశాడు. వెస్టిండీస్ చక్కెర, రమ్ము కొనకండి, వాటిని తయారుచేసేది బానిసలు అని అందులో రాశాడు. లెక్క కూడా కట్టాడు: వారానికి 5 పౌన్ల చక్కెర వాడే కుటుంబం 21 నెలలు మానేస్తే ఒక మనిషి బానిసత్వమో చావో తప్పుతుందని. ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో గానీ, టీ కలుపుకునే ప్రతి ఇల్లాలికీ తన కప్పు నుంచి కరీబియన్ చెరకు తోట దాకా దారి కనిపించింది. బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా ప్రచారం చేస్తూ ఊరూరా తిరిగిన థామస్ క్లార్క్‌సన్ సుమారు 3 లక్షల మంది చక్కెర మానేశారని అంచనా వేశాడు. అప్పట్లో ఆడవాళ్లకు ఓటు లేదు. కానీ ఇంట్లోకి ఏం రావాలో చెప్పగలిగింది వాళ్లే. తర్వాత 1820లలో లెస్టర్ పట్టణంలో ఎలిజబెత్ హెయ్‌రిక్ అనే ఆమె ఇంటింటికీ తిరిగి మళ్లీ ఇదే పని మొదలుపెట్టింది.

బానిసల వ్యాపారాన్ని ఆపే చట్టం 1807లో, బానిసత్వాన్నే రద్దు చేసే చట్టం 1833లో వచ్చాయి. అదంతా చక్కెర మానేసినవాళ్ల గొప్పే అంటే అన్యాయం. 1831 క్రిస్మస్ రోజుల్లో జమైకాలో బానిసలు తిరగబడ్డారు. వాళ్లకు నాయకుడు సామ్యూల్ షార్ప్, బాప్టిస్టు సంఘంలో డీకన్. మరుసటి ఏడాది ఆయన్ను ఉరితీశారు. ఇంగ్లండులో చక్కెర లేని టీ తాగినవాళ్ల త్యాగాన్ని ఈ మనిషి త్యాగం పక్కన పెట్టి చూసుకోవాలి.

విలియం కేరీ పేరు సండే స్కూల్లో వినే ఉంటారు. 1793లో ఇండియాకు వచ్చినాయన. 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది ఆయన శ్రీరాంపూర్ ప్రెస్సులోనే. ఇక్కడికి రాకముందు, 1792లో రాసిన చిన్న పుస్తకంలో ఆయన ఈ చక్కెర సంగతి ఎత్తాడు. మానేసిన కుటుంబాలు చేతులకంటిన రక్తం కడుక్కోవడమే కాదు, వారానికి ఆరు పెన్నీలో ఒక షిల్లింగో మిగుల్చుకుంటున్నాయి, ఆ డబ్బు సువార్త పనికి ఇవ్వొచ్చు కదా అన్నాడు. ఈ లెక్క నాకు భలే నచ్చింది. మీ గ్రూపులో కొనడం మానేసినవాళ్లను, మిగిలిన డాలర్లు ఎక్కడికి వెళ్లాయని అడిగి చూడండి. పక్క షాపుకే వెళ్లి ఉంటాయి.

ఆనాటి వాళ్లకూ పక్క షాపు ఉంది లెండి. బానిసలు చేయని ఈస్టిండియా చక్కెర అని గిన్నెల మీద రాయించుకుని టీ బల్ల మీద పెట్టుకునేవాళ్లు. అది కంపెనీ పాలిస్తున్న మన దేశం నుంచి వెళ్లిన చక్కెర. ఇక్కడ బానిసత్వానికి చట్టం గుర్తింపు తీసేసింది 1843లో. చేతులు శుభ్రమయ్యాయని అనుకున్నప్పుడు ఇంకోసారి చూసుకోవడం మంచిది.

ఇక మీ ఊరి కథ. 1997 జూన్‌లో డాలస్‌లోనే సదరన్ బాప్టిస్టుల వార్షిక సమావేశం జరిగింది. అప్పట్లో కోటిన్నరకు పైగా సభ్యులున్న సంఘం అది. డిస్నీ కంపెనీని బాయ్‌కాట్ చేయాలని అక్కడ తీర్మానించారు. ఉద్యోగుల స్వలింగ భాగస్వాములకు హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తోందని, థీమ్ పార్కులో గే డేస్ అనే స్వలింగ సంపర్కుల వేడుక జరగనిస్తోందని, కొన్ని సినిమాలూ టీవీ కార్యక్రమాలూ బాగాలేవని వాళ్ల అభ్యంతరాలు. ఎనిమిదేళ్ల తర్వాత, 2005 జూన్‌లో నాష్‌విల్ సమావేశంలో దాన్ని ఎత్తేశారు. ఇన్సూరెన్స్ విషయంలో డిస్నీ వెనక్కి తగ్గలేదు. తగ్గేట్టు చేయడం కూడా కష్టమే. డిస్నీ అంటే మిక్కీ మౌస్ ఒక్కటే కాదు, ఏబీసీ ఛానెల్ దానిదే, ఈఎస్‌పీఎన్‌లో పెద్ద వాటా దానిదే. టెక్సస్‌లో ఎంత భక్తిపరుడైనా ఫుట్‌బాల్ మ్యాచ్ మానేస్తాడా?

స్వలింగ వివాహం మీద సంఘాలన్నీ ఒక్క మాట మీద లేవు. ఆ వాదన ఈ ఉత్తరంలో ఎత్తను. ఒక్కటి మాత్రం చెబుతాను. మీ గ్రూపులో ఆ పోస్టు చదివిన పిల్లల్లో, అది తన గురించేనని లోపల కుమిలిపోయేవాడు ఒకడుండొచ్చు. రాసేవాళ్లు ఆ పిల్లవాణ్ణి తలుచుకుని రాస్తే బాగుండును.

చక్కెరకీ డిస్నీకీ నాకు కనిపించే తేడా ఇది. చక్కెరలో తప్పు ఆ చెంచాలోనే ఉంది, అడిగింది ఒక్కటే, అది నెరవేరితే మళ్లీ కొనొచ్చు. డిస్నీ విషయంలో కంపెనీ అమ్మేదీ, దాని పాలసీలూ, దాని పేరూ అన్నీ కలిపి కట్టగట్టారు. ఏది మారితే ఆపుతారో మామూలు సభ్యుడికి తెలియదు. పాలపొడి గొడవలో నెస్లే మీద 1977లో అమెరికాలో మొదలైన బాయ్‌కాట్ చాలావరకు చక్కెర లాంటిదే. పేద దేశాల తల్లుల దగ్గర డబ్బా పాలను ప్రచారం చేయడం ఆపాలని అడిగారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి వచ్చింది, 1984లో కంపెనీ ఒప్పుకున్నాక ఆపారు, మాట నిలబెట్టుకోలేదని 1988లో మళ్లీ మొదలుపెట్టారు. 1991లో ఇంగ్లండు చర్చి మహాసభ కూడా నెస్‌కఫే మానమంది. మన దేశంలో డబ్బా పాల ప్రకటనలను కట్టడి చేసే చట్టం 1992లో వచ్చింది.

దెబ్బ ఎవరికి తగులుతుందో కూడా చూడాలి. 2014 మార్చిలో వరల్డ్ విజన్ అనే క్రైస్తవ సహాయ సంస్థ అమెరికా శాఖ, స్వలింగ వివాహం చేసుకున్న క్రైస్తవులనూ ఉద్యోగంలోకి తీసుకుంటామని ప్రకటించి, రెండు రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఆ కాస్త సమయంలోనే వేలమంది దాతలు తాము నెలనెలా సాయం చేస్తున్న పిల్లలను వదిలేశారు. ఆ నిర్ణయంలో ఆ పిల్లలకు ఏ పాత్రా లేదు. ఆఫీసు మీద కోపం ఉంటే ఆఫీసుకే ఉత్తరం రాయొచ్చు. దీన్ని నేను మనస్సాక్షి అనలేను, క్షమించండి.

ఇదే ఆయుధం అవతలివాళ్ల చేతిలోనూ ఉంది. 2012లో చిక్-ఫిల్-ఎ అనే చికెన్ రెస్టారెంట్ల యజమాని కుటుంబం స్వలింగ వివాహానికి వ్యతిరేకంగా మాట్లాడిందని అవతలివాళ్లు బాయ్‌కాట్ అన్నారు. ఆగస్టు 1న మనవాళ్లు పనిగట్టుకుని క్యూలు కట్టి చికెన్ శాండ్‌విచ్‌లు కొన్నారు. ఇది తప్పు, అది ఒప్పు అని ఎంచుకునే ముందు, ఆ షాపుల్లో గంటల లెక్కన పని చేసే కుర్రాళ్ల జీతం రెండు పక్కలవాళ్ల చేతిలోనూ ఉందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు బొమ్మల సంగతి, చిన్న తల్లీ. 1921లో గాంధీగారు విదేశీ బట్టలు తగలబెట్టమన్నప్పుడు, ఆయనకు ప్రాణమిత్రుడైన సి.ఎఫ్. ఆండ్రూస్ బాధపడుతూ ఉత్తరం రాశారు. ఆండ్రూస్ క్రైస్తవుడు, ఒకప్పుడు మిషనరీ, మన స్వాతంత్ర్యం పక్షాన నిలిచినవాడు. తోటి మనుషులు చేతులతో చేసిన వస్తువును మంటల్లో వేయడం, అది కట్టుకోవడమే పాపమని చెప్పడం ఆయన తట్టుకోలేకపోయారు. గాంధీగారు ఆ ఉత్తరాన్ని తన పత్రికలోనే అచ్చు వేసి జవాబిచ్చారు. నాకు ఇందులో ఆండ్రూస్ మాటే సరైనదనిపిస్తుంది. నీ బొమ్మలు ఉంచుకో. ఇంక కొత్తవి వద్దనుకుంటే కొనకు.

పెద్దవాడా, ఆంటీకి గ్రూపులో జవాబు పెట్టొద్దు. ఏం మారితే మళ్లీ కొనొచ్చు ఆంటీ అని విడిగా, మర్యాదగా అడుగు. ఆమె దగ్గర మంచి జవాబు ఉంటే నాకు కూడా రాయి. ఆమె ఇంట్లో ప్రేయర్ మీటింగ్‌కు వెళ్లేటప్పుడు ఆ లిస్టులో ఉన్న షాపు కేకు మాత్రం పట్టుకెళ్లకండి, వేరే చోట కొనండి. అమ్మకీ నాన్నకీ మా దీవెనలు చెప్పండి.

మీ తాతయ్య