పుస్తకం మూసి చదవండి

పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నవారి పుస్తకం ఒకటి తెరిచి చూడండి. పేజీ నిండా పసుపు, గులాబీ, ఆకుపచ్చ గీతలు. మొదటిసారి చదివినప్పుడు పెన్సిల్ గీత, రెండోసారి పెన్ను, మూడోసారి రంగు. హైదరాబాద్ చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దున్నే వచ్చి కూర్చుని చీకటి పడేదాకా కదలని వారిని చూస్తే ఆ శ్రమకు దండం పెట్టాలనిపిస్తుంది. అయినా ‘నాలుగుసార్లు తిరగేశాను, హాల్లో మాత్రం గుర్తు రాలేదు’ అనే మాట వినని ఇల్లు మనకు అరుదు. అంత కష్టమూ తప్పు చోట ఖర్చవుతోందని పరిశోధనలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాయి. ఆ సంగతి మన తరగతి గదులకు ఇంకా చేరకపోవడమే నాకు బాధ.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. విద్యార్థులకు చిన్న శాస్త్ర వ్యాసాలు ఇచ్చారు. ఒకటి సూర్యుడి గురించి, మరొకటి సముద్రపు నీటిపిల్లుల గురించి. ఒక జట్టు నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. ఇంకో జట్టు ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతల్లో వ్యాసం చూడకుండా గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, చదువుతూ కూర్చున్నవారికి 83 శాతం గుర్తుంది, రాసినవారికి 71 శాతమే. ఇక్కడితో ఆపేస్తే మన పాత పద్ధతే గెలిచినట్టు. కానీ ఇవే పద్ధతుల్లో చదివిన మరికొందరిని వారం తర్వాత అడిగితే లెక్క తారుమారైంది. చదువుతూ కూర్చున్నవారు 40 శాతానికి పడిపోయారు, రాసినవారు 61 శాతం దగ్గర నిలబడ్డారు. ఒక్కో విడతలోనే వ్యాసాన్ని పలుమార్లు చదవొచ్చు కాబట్టి మొదటివారు దాన్ని సగటున 14 సార్లు చదివారు, రెండోవారు మూడు నాలుగు సార్లే.

ఈ ప్రయోగంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరో విషయం. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగితే, ఎక్కువ ధీమాగా జవాబిచ్చింది చదువుతూ కూర్చున్న జట్టే. మోసం అక్కడే ఉంది. రెండోసారి చదువుతున్నప్పుడు వాక్యాలు తడబాటు లేకుండా సాగిపోతాయి, ‘ఇది నాకు తెలుసు’ అనిపిస్తుంది. నిజానికి అప్పుడు జరిగేది గుర్తుపట్టడం. ముఖం చూసి మనిషిని గుర్తుపట్టడం వేరు, ముఖం ఎదురుగా లేనప్పుడు పేరు చెప్పగలగడం వేరు. పరీక్షలోనైనా, నలుగురి మధ్య మాట్లాడేటప్పుడైనా కావలసింది రెండోదే. దాన్ని సాధన చేయాలంటే పేజీ కళ్లెదుట ఉండకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. నైరుతి రుతుపవనాల గురించి రెండు పేజీలు చదివారనుకోండి. పుస్తకం మూసి కాగితం తీసుకోండి. వేసవిలో భూభాగం సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది, వాయవ్య భారతంలో అల్పపీడనం ఏర్పడుతుంది, సముద్రం మీది తేమగాలి అటువైపు వస్తుంది. ఇంతవరకు కలం ఆగదు. సరే, ఆ గాలి నేరుగా దక్షిణం నుంచి రాకుండా నైరుతి మూల నుంచి ఎందుకు వస్తుంది? ఇక్కడ చాలామంది ఆగిపోతారు. చదివేటప్పుడు ఆ వాక్యం కళ్ల ముందు నుంచి జారిపోయిందని అప్పటిదాకా తెలియదు. పుస్తకం తెరిస్తే జవాబు అక్కడే ఉంటుంది. దక్షిణార్ధగోళంలో ఆగ్నేయం నుంచి వీచే గాలులు భూమధ్యరేఖ దాటాక, భూమి తిరుగుతున్నందువల్ల కుడివైపుకు మళ్లి నైరుతి గాలులవుతాయి. వెతికి పట్టుకున్న ఆ జవాబును ఇక తేలిగ్గా మరిచిపోరు. ఖాళీ ఎక్కడుందో చూపించింది ఆ తెల్లకాగితమే.

ఇది మనకు కొత్త సంగతి కాదు. ఎక్కాలు, వేమన పద్యాలు పెద్దల ఎదుట నిలబడి చూడకుండా అప్పజెప్పిన వారు ఇప్పటికీ ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు. అష్టావధానంలో అవధాని, ప్రశ్నలడిగే ఒక పృచ్ఛకుడికి పద్యంలో ఒక్క పాదం చెప్పి పక్కవారి దగ్గరకు వెళతాడు. తిరిగి వచ్చేసరికి మధ్యలో మోగే గంటల లెక్క, అప్రస్తుత ప్రసంగం దృష్టిని చెదరగొడుతూనే ఉంటాయి. కాగితం, కలం లేవు. పాత పాదాన్ని మనసులోంచి పైకి తీస్తే తప్ప కొత్త పాదం అతకదు. చివర్లో ధారణ పేరుతో పద్యాలన్నీ మళ్లీ చెప్పాలి. అవధానికి ప్రతిభ ఉంటుంది, సందేహం లేదు. కానీ ఆ ప్రక్రియ నిర్మాణమే ప్రతి ఆవృత్తిలో జ్ఞాపకానికి ఒక పరీక్ష పెడుతుంది.

ఇది బట్టీ పట్టడమే కదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కార్పికీ, జానెల్ బ్లంట్ పర్డ్యూ విశ్వవిద్యాలయంలో దీన్నే పరీక్షించి 2011లో ప్రచురించారు. కొందరు విద్యార్థులు పాఠం ఎదురుగా పెట్టుకుని, భావాల మధ్య సంబంధాలు చూపే పటాలు గీశారు. మిగిలినవారు పాఠం పక్కన పెట్టి గుర్తు తెచ్చుకుని రాశారు. వారం తర్వాత, పాఠంలో నేరుగా లేని సంగతిని ఊహించి చెప్పవలసిన ప్రశ్నల్లోనూ గుర్తు తెచ్చుకున్నవారిదే పైచేయి. బట్టీలో అర్థం అక్కర్లేదు, వరుస ఉంటే చాలు. సొంత మాటల్లో గుర్తు తెచ్చుకోవాలంటే విషయాల మధ్య లంకె తెలియాలి.

ఇక ఎప్పుడెప్పుడు గుర్తు తెచ్చుకోవాలన్న ప్రశ్న. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షర సముదాయాలను తనంతట తానే కంఠస్థం చేసి, ఎంత మిగిలిందో లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడు. మళ్లీ నేర్చుకునేటప్పుడు ఆదా అయ్యే శ్రమ ఒక రోజు తర్వాత 34 శాతం దాకా, 31 రోజుల తర్వాత 21 శాతం దాకా ఉందని తేల్చాడు. ఈ అంకెలు చూపించి ‘మనం చదివినదంతా ఇలాగే పోతుంది’ అని చెప్పేవారున్నారు. అది సరికాదు. అవి అర్థంలేని అక్షరాలు, నేర్చుకున్నది ఒక్క మనిషి. ఆయన చెప్పినవాటిలో అంతకంటే విలువైన మాట ఇంకొకటి ఉంది. పరీక్షించుకోవడానికి ముందు రోజు ఒక్కసారిగా 68 సార్లు వల్లె వేసినంత ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లె వేస్తే వచ్చింది.

మనస్తత్వ శాస్త్రవేత్తలు నికోలస్ సెపెడా, హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో 1350 మందికి పైగా మనుషులతో ఈ ఎడం సంగతి తేల్చింది. వారం తర్వాత గుర్తుండాలంటే ఒక్క రోజు ఎడంతో మళ్లీ చూడటం మేలు. 35 రోజుల తర్వాతైతే ఎడం 11 రోజులు, సుమారు ఏడాది తర్వాతైతే మూడు వారాలు. కాస్త మరుపు మొదలయ్యాక గుర్తు తెచ్చుకుంటే శ్రమ ఎక్కువవుతుంది, ఆ శ్రమే జ్ఞాపకాన్ని బలపరుస్తుంది. పూర్తిగా మరిచిపోయాక చేస్తే మాత్రం మొదటి నుంచి చదివినట్టే.

కాబట్టి రంగు పెన్నుకు బదులు పేజీ అంచున ఒక ప్రశ్న రాసుకోండి, పక్కన తేదీ వేయండి. మర్నాడు, వారం తర్వాత, నెల తర్వాత జవాబు కప్పేసి ఆ ప్రశ్నకు రాతతోనో గొంతెత్తో బదులివ్వండి. తర్వాత తప్పకుండా పుస్తకంతో సరిచూడండి, లేకపోతే తప్పు జవాబే స్థిరపడిపోయే ప్రమాదముంది. తప్పిన ప్రశ్నల గడువు తగ్గించి, సులువుగా వచ్చినవాటి గడువు పెంచండి. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో అట్టపెట్టె, చీటీలతో చూపించిన పద్ధతి ఇదే, ఈనాటి ఫోన్ యాప్‌లు కొన్ని ఈ తరహాలోనే పనిచేస్తాయి. యాప్ లేకపోయినా పది రూపాయల నోటుపుస్తకంతో పని జరిగిపోతుంది.