మీ నాయనమ్మ ఎక్కడ పుట్టింది? రగ్బీలో దేశం జెర్సీ గురించి అపోహలు - వాస్తవాలు

ఆక్లాండ్‌లో ఒక రగ్బీ క్లబ్బుకు పదకొండేళ్లుగా రిజిస్ట్రేషన్ కాగితాలు చూస్తున్నాను. బంతి పట్టుకున్నది తక్కువ, బర్త్ సర్టిఫికెట్లు తిరగేసింది ఎక్కువ. మా కుర్రాళ్లలో ఎవరికైనా ఏదో ఒక దేశం జట్టు సెలక్షన్లకు పిలుపు వస్తే ముందు ఫైలు నా టేబుల్ మీదకే వస్తుంది. ఇక్కడి తెలుగువాళ్ల ఫంక్షన్లలో ఈ మాట చెప్పగానే ఎవరో ఒకరు, "రగ్బీలో ఎవడైనా ఏ దేశానికైనా ఆడేయొచ్చటగా?" అంటారు. ఆడేయలేరు. అలాగని వాళ్లు అనుకునే నియమం కూడా అక్కడ లేదు.

అపోహ: ఏ దేశం పాస్‌పోర్టు ఉంటే ఆ దేశానికే ఆడాలి.

పాస్‌పోర్టుతో పనే లేదు. ఈ ఆటను నడిపే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ రగ్బీ పెట్టిన ఎనిమిదో నిబంధన అడిగేవి వేరు. ఆటగాడు ఆ దేశంలో పుట్టాడా? అమ్మానాన్నల్లో గానీ, తాత, నాయనమ్మ, అమ్మమ్మల్లో గానీ ఎవరైనా అక్కడ పుట్టారా? వరసగా 60 నెలలు ఆ దేశపు రగ్బీ బోర్డు కిందే రిజిస్టరై ఉన్నాడా? లేదంటే విడతలవారీగానైనా మొత్తం పదేళ్లు అక్కడ ఉన్నాడా? వీటిలో ఒక్కటి కుదిరినా చాలు.

ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఈ ఆట పుట్టిన చోటు చూస్తే వింత పోతుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ మూడు జట్లు, ముగ్గురిదీ ఒకటే బ్రిటిష్ పాస్‌పోర్టు. ఐర్లండ్ జట్టు ఒకటే, దాని కింద ఉన్నవి రెండు రాజ్యాలు. డబ్లిన్ వాడూ బెల్‌ఫాస్ట్ వాడూ ఒకే జెర్సీ వేసుకుంటారు. మా పక్కనే ఉన్న కుక్ దీవుల వాళ్లకు న్యూజిలాండ్ పౌరసత్వమే ఉంది, జట్టు మాత్రం వేరు. పాస్‌పోర్టు చూసి వీళ్లను ఎలా విడదీస్తారు? ఒలింపిక్స్‌లో ఆడే సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) సంగతి వేరు, అక్కడ ఆ దేశ పౌరసత్వం ఉండి తీరాలి.

అపోహ: "మా తాతది ఆ దేశమే" అంటే సరిపోతుంది.

నా టైమంతా తినేది ఇదే. మనం "మాది గుంటూరు" అంటే అక్కడ పుట్టామని కాదు. తొలి కాన్పుకు పుట్టింటికి పంపే ఆనవాయితీ మనది. సొంతూరు గుంటూరైనా పుట్టింది అమ్మమ్మగారి ఊళ్లో అయ్యుంటుంది. రగ్బీకి సొంతూరు అక్కర్లేదు. కాన్పు ఏ గడ్డ మీద జరిగిందన్నదే లెక్క. సమోవా, టోంగా కుటుంబాల్లోనూ ఇదే తంతు. "మా నాన్న పక్కా సమోవన్" అంటాడు కుర్రాడు, నిజమే. తీరా కాగితం తెప్పిస్తే ఆయన పుట్టింది ఆక్లాండ్ ఆసుపత్రిలో. ఇక తాతల తరానికి వెళ్లి వెతకాలి. ముత్తాత దాకా వెళ్తే లాభం లేదు, నిబంధన తాత దగ్గరే ఆగిపోతుంది.

ఇంట్లో చెప్పుకునే మాట నమ్మి పరువు పోగొట్టుకున్న జట్లున్నాయి. 2000లో బయటపడిన గొడవకు బ్రిటిష్ పత్రికలు 'గ్రానీగేట్' అని పేరు పెట్టాయి. న్యూజిలాండ్‌లో పుట్టిన షేన్ హోవర్త్ తన తాత కార్డిఫ్‌లో పుట్టాడని వేల్స్‌కు 19 మ్యాచ్‌లు ఆడాడు. ఆ తాత అక్కడ పుట్టలేదని తేలింది. డేవిడ్ హిల్టన్ కథ ఇంకా జాలి. తాత ఎడిన్‌బరోలో పుట్టాడని నమ్మి స్కాట్లండ్‌కు 41 మ్యాచ్‌లు ఆడాక, ఆయన పుట్టింది ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో అని కాగితం చెప్పింది. హిల్టన్ స్కాట్లండ్‌లోనే ఉండిపోయి, నివాసం లెక్కన అర్హత తెచ్చుకుని 2002లో 42వ మ్యాచ్ ఆడాడు. అందుకే ఎవరు ఎంత ఒట్టేసి చెప్పినా, నేను సర్టిఫికెట్ చూడందే సంతకం పెట్టను.

ఆమధ్య ఒక కుర్రాడు వచ్చాడు. ఆక్లాండ్‌లోనే పుట్టాడు, తండ్రి కూడా ఇక్కడే పుట్టాడు. నాయనమ్మ మాత్రం ఫిజీలోని బా ఊళ్లో పుట్టింది. ఆమె తాతగారు విశాఖ వైపు నుంచి గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద చెరకు తోటల పనికి వెళ్లాడట. 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి అలా వెళ్లిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. కుర్రాడికి తెలుగు రాదు, "నాయనమ్మ" అన్న మాట మాత్రం వచ్చు. ఫిజీ నుంచి పాత సర్టిఫికెట్ తెప్పిస్తే అందులో పేరు 'లచ్చమ్మ'. ఇక్కడి పాస్‌పోర్టులో 'లక్ష్మి'. ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్, పెళ్లి సర్టిఫికెట్, ఆమె తమ్ముడి వాంగ్మూలం... ఏడు వారాలు పట్టింది. ఇప్పుడతను న్యూజిలాండ్‌కూ ఆడొచ్చు, ఫిజీకీ ఆడొచ్చు. విశాఖ లెక్కలోకి రాదు.

అపోహ: కొన్నాళ్లు అక్కడ ఉంటే చాలు, వాళ్ల ఆటగాడైపోతాడు.

ఒకప్పుడు 36 నెలలు చాలేవి. దాన్ని 60కి పెంచాలని 2017లో నిర్ణయించారు. ఆ ఐదేళ్లనూ కాగితం మీద రుజువు చేయాలి, అసలు తలనొప్పి అక్కడే.

స్పెయిన్‌ను చూడండి. 1999 తర్వాత మొదటిసారి, 2022 మార్చిలో, ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. మాడ్రిడ్‌లో సంబరాలు చేసుకున్నారు. తర్వాత గావిన్ వాన్ డెన్ బెర్గ్ అనే దక్షిణాఫ్రికా ఆటగాడి ఫైలు తెరిచారు. అప్పటి నివాసం లెక్క ప్రకారం స్పెయిన్ బయట ఉండదగ్గ రోజులకు మించి అతను బయటే ఉన్నాడు. జట్టు ఇచ్చిన పాస్‌పోర్టు ఫొటోకాపీలో ఆ వివరాలు మార్చేసి ఉన్నాయి. నెదర్లాండ్స్‌పై అతను ఆడిన రెండు మ్యాచ్‌లకు కలిపి పది పాయింట్లు కోసేశారు. స్పెయిన్ ప్రపంచ కప్ పోయింది, ఆ చోటు రుమేనియాకు వెళ్లింది. రుమేనియా వెనక ఉన్న పోర్చుగల్‌కు చివరి క్వాలిఫయింగ్ టోర్నీలో చోటు దొరికింది. దుబాయ్‌లో అమెరికాతో 16-16 డ్రా చేసుకుని ప్రపంచ కప్‌కు వెళ్లింది. 2023లో తూలూజ్‌లో ఫిజీనే 24-23తో ఓడించింది. ఒక ఫొటోకాపీ ఎంత దూరం లాక్కెళ్లిందో చూడండి. ఎవరైనా స్కాన్ పంపి "సార్, ఒరిజినల్ తర్వాత చూపిస్తాం" అంటే నాకు స్పెయినే గుర్తొస్తుంది.

అపోహ: ఒక దేశానికి ఆడితే జీవితాంతం అంతే.

2021 దాకా ఇది దాదాపు నిజమే. 2022 జనవరి 1 నుంచి ఒక్కసారి మారే వీలిచ్చారు. రెండు షరతులు. పాత జట్టుకు చివరి మ్యాచ్ ఆడి మూడేళ్లు గడవాలి. కొత్త దేశంలో తాను గానీ, తల్లిదండ్రులు గానీ, తాతల తరం గానీ పుట్టి ఉండాలి. ఎన్నేళ్లు నివాసమున్నా దాన్ని చూపి మారడానికి లేదు.

ఆస్ట్రేలియా స్టార్ ఇజ్రాయెల్ ఫొలావ్, న్యూజిలాండ్ తరఫున 2015 ప్రపంచ కప్ గెలిచిన మలకాయ్ ఫెకితోవా టోంగాకు ఆడింది ఈ దారిలోనే. 2019 ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియాకు ఆడిన క్రిస్టియన్ లియాలిఫానో 2023లో సమోవా జెర్సీలో కనిపించాడు. "రిటైరయ్యే వయసులో చిన్న దేశం గుర్తొచ్చిందా?" అని వెక్కిరించేవాళ్లున్నారు. నేనలా అనలేను. ఇరవై ఏళ్ల వయసులో డబ్బున్న బోర్డు పిలిస్తే వద్దనగలిగే ఇల్లు ఎన్ని? ఇన్నాళ్లూ ప్రతిభ ఒకవైపే పారింది, ఇప్పుడు కాస్త వెనక్కి వస్తోంది. మూడేళ్ల నిరీక్షణ కూడా ఎక్కువే అంటాను.

అపోహ: జూనియర్ జట్టుకు ఆడితే ఏం కాదు.

ఇప్పుడైతే అండర్-20కి ఆడినా దేశం ఖరారు కాదు. 2018కి ముందు మాత్రం కొన్ని బోర్డులు తమ అండర్-20నే సీనియర్ జట్టు తర్వాతి రెండో జట్టుగా ప్రకటించేవి, దానికి ఆడినా దేశం ఖరారైనట్టే. స్టీవెన్ షింగ్లర్ వేల్స్ అండర్-20కి ఆడాడు. అతని తల్లి స్కాట్లండ్‌లో పుట్టిందని 2012లో స్కాట్లండ్ పిలిచింది. ఆ అండర్-20 మ్యాచ్ వల్లే అతను వేల్స్‌కు కట్టుబడిపోయాడని తీర్పొచ్చింది. సీనియర్ జట్టు, ప్రకటించిన రెండో జట్టు, సీనియర్ సెవెన్స్ జట్టు, ఈ మూడింటితోనే జాగ్రత్త (సెవెన్స్‌లో మరీ చిన్నవాళ్లకు వయసు మినహాయింపు ఉంది). సీనియర్ జట్టు అంతర్జాతీయ మ్యాచ్‌లో ఆఖరి నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగినా దిగినట్టే. క్యాంపులో ప్రాక్టీసు చేస్తే మాత్రం ఏమీ కాదు.

క్లబ్బులు, ఫ్రాంచైజీలు ఈ లెక్కలోకే రావు. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్‌కు ఆడిన విదేశీయులు "ఇండియన్లు" అయిపోలేదు.

అపోహ: మూలాలు ఇండియావైతే ఇండియాకు ఆడొచ్చు.

ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. అమ్మ విజయవాడలో, నాన్న వరంగల్‌లో పుట్టారంటే పిల్లవాడు వరల్డ్ రగ్బీ లెక్కన ఇండియాకు అర్హుడే. అడ్డు మన దగ్గరే ఉంది. దేశం తరఫున ఆడాలంటే భారత పాస్‌పోర్టు తప్పనిసరని కేంద్ర క్రీడా శాఖ 2008లో తేల్చేసింది. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డు పనికిరాదు. న్యూజిలాండ్ పౌరసత్వం తీసుకున్న మన పిల్లలు ఇండియాకు ఆడాలంటే దాన్ని వదులుకోవాలి. ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు, ఒప్పుకోమని నేనూ చెప్పను.

వచ్చేటప్పుడు తల్లిదండ్రులు పుట్టిన ఊరు కూడా రాసి ఉన్న పూర్తి సర్టిఫికెట్ తెచ్చుకోండి. పొట్టి సర్టిఫికెట్ తెస్తే మళ్లీ తిప్పి పంపుతాను, తర్వాత తిట్టుకోవద్దు.