నాటకం కోసం ఊరు దాటి వెళ్ళాలా? ఒక హార్మోనిస్టు చెప్పే అపోహలు – వాస్తవాలు

మాది కావలి. ముప్పై ఏళ్ళుగా పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను. సింగరాయకొండ నుంచి నెల్లూరు దాకా తిరునాళ్ళలో నేను కూర్చోని స్టేజీలు తక్కువ. ఇదివరకు నాకు ఫోనొస్తే "మా ఊళ్ళో నాటకం పెట్టిస్తున్నాం, ఎంత తీసుకుంటారు?" అని అడిగేవాళ్ళు. ఈ మధ్య వచ్చే ఫోన్లు వేరు. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడు, వాడి స్నేహితులు "మామయ్యా, బొంబాయికి ఇంగ్లీషు మ్యూజికల్ వస్తోందంట, వెళ్ళొచ్చా, డబ్బులు దండగా?" అని అడుగుతున్నారు. ఒంగోలు నుంచి ఇంకొకాయన, సురభి వాళ్ళ నాటకం చూడ్డానికి హైదరాబాదు దాకా పోవడం అవసరమా అంటాడు.

రెండూ ఒకటే ప్రశ్న. పాట మీద నడిచే నాటకం ఎక్కడో ఊళ్ళో నాలుగు రోజులు ఆగుతుంది. మనం రైలెక్కాలా వద్దా? ఈ విషయంలో జనం నోట వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చూద్దాం.

అపోహ: యూట్యూబులో ఉంది కదా, అంత దూరం పోవడం దేనికి?

రాయబారం సీను అనుకోండి. కృష్ణుడు పద్యం ఎత్తుకుంటాడు. నాలుగు పాదాలూ అయ్యాక రాగం తీస్తాడు. ఎంతసేపు తీస్తాడో ఆయనకే తెలీదు. వెనక వరుసలో ఒకడు ఈల వేస్తే రాగంలో ఇంకో సంగతి, అంటే కొత్త మలుపు, పడుతుంది. ఎవరూ కదలకపోతే తొందరగా దించేస్తాడు. అప్పుడు నేను చూసేది ఆయన ముఖం కాదు, మెడ మీది నరం. ఊపిరి తీసుకోబోయే ముందు అది ఒక్క క్షణం సడలుతుంది. ఆ సందులో నా వేళ్ళు అందుకోవాలి. ఆలస్యమైతే పాటకు చిల్లు పడ్డట్టు ఉంటుంది, ముందే అందుకుంటే ఆయన గొంతు మీద నేను ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది.

ఒకసారి మాఘమాసంలో, మంచులో నాటకం. పెద్దాయనకు జలుబు. ఆయన పాడే ఎత్తు ఎప్పుడూ ఐదు శ్రుతి. రెండో సీనుకు ముందు తెర పక్కకొచ్చి, "అబ్బయ్యా, ఒక మెట్టు దించు" అని గొణిగాడు. నాలుగున్నరకు దించాను. తబలా ఆయన చిన్న సుత్తితో గట్టాలు (తబలా శ్రుతి మార్చే చెక్కముక్కలు) సరిచేసుకుంటూ నన్ను కోపంగా చూశాడు. ఆ రాత్రి మోహన రాగంలో ఆయన పాడిన పద్యం నేను అంతకు ముందు వినలేదు. గొంతు పైకి వెళ్ళడం లేదని తెలిసి కిందనే ఏవో కొత్త దారులు వెతుక్కున్నాడు. జనం వన్స్ మోర్ కొట్టారు. రెండోసారి ఇంకోలా పాడాడు. దాన్ని ఎవరో ఫోనులో తీశారు కూడా. చూశాను. స్పీకరు పెట్టె గోల, పక్కనున్న పిల్లాడి ఏడుపు, మధ్యలో ఎక్కడో చిన్నగా పద్యం.

ఇంగ్లీషు మ్యూజికల్లోనూ ఇదే పని జరుగుతుంది. అక్కడ వాద్యాల వాళ్ళు స్టేజీ ముందు గుంటలాంటి చోట కూర్చుంటారు. చెయ్యి ఊపుతూ వాళ్ళను నడిపించే కండక్టరు కళ్ళు గాయకుల మీద ఉంటాయి. ఆయన చెయ్యి గాయకులకు కనబడాలని హాల్లో చిన్న టీవీలు కూడా పెడతారు. మన దగ్గర ఆ టీవీ బదులు మెడ నరం, అంతే తేడా.

కాబట్టి పాట ఆ రాత్రి అక్కడే వాయించి పాడేదైతే యూట్యూబు దానికి సాటి రాదు. ముందే రికార్డు చేసిన ట్రాక్ వేసి పెదవులు ఆడించేదైతే మాత్రం, యూట్యూబు చాలన్నవాడి మాటే నెగ్గుతుంది. నేను కూడా ఇంట్లోనే ఉంటాను.

అపోహ: పోస్టర్ మీద ఆర్కెస్ట్రా అని ఉందంటే ఆర్కెస్ట్రా ఉన్నట్టే

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. న్యూయార్కులో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేలో 1988 నుంచి 2023 దాకా ఆడిన 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా'కు రోజూ 27 మంది వాయించేవాళ్ళు. అంతమందిని ఊరూరా తిప్పాలంటే జీతాలు, లాడ్జీలు, రైళ్ళు. అందుకే టూర్లలో మనుషుల్ని తగ్గించి, నాలుగు వయొలిన్ల పని ఒక కీబోర్డుకు అప్పజెప్పడం మామూలే. కొన్ని ట్రూపులు ముఖ్యమైన ఇద్దరు ముగ్గుర్ని వెంట తెచ్చుకుని, మిగతా వాళ్ళను ఆ ఊళ్ళోనే మాట్లాడుకుంటాయి. అది తప్పేం కాదు. మంచి వాద్యగాళ్ళయితే రెండు రిహార్సల్స్‌లో పట్టేస్తారు.

మన దగ్గరా అంతే. ఒకప్పుడు కాలితో తొక్కే లెగ్ హార్మోనియం, తబలా, ఫిడేలు, కొన్నిచోట్ల క్లారినెట్ ఉండేవి. ఇప్పుడు కీబోర్డు, రిథమ్ ప్యాడు. నేనూ కీబోర్డు వాయిస్తాను. కడుపు నిండాలి కదా. దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. అడగాల్సింది ఒక్కటే: వాయించే మనుషులు ఎంతమంది? ఆరుగురు అంటే వెళ్ళండి. ఇద్దరు అన్నా దగ్గరైతే వెళ్ళండి. ఆ ప్రశ్నకు నీళ్ళు నమిలితే ఆలోచించండి.

అపోహ: పేరున్న నటుడు ఉన్నాడంటే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు

మా కాంట్రాక్టు నాటకాల గురించి బయటివాళ్ళకు తెలియని విషయం ఒకటి చెబుతాను. పోస్టర్ మీద ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఉంటుంది. ఒక్కో సీనుకు ఒక్కొక్కరు. తలో ఊరి నుంచి వస్తారు, చాలాసార్లు కలిసి రిహార్సల్ కూడా ఉండదు. పద్యాలు అందరికీ కంఠతా వచ్చు కాబట్టి బండి నడుస్తుంది.

ఒక తిరునాళ్ళలో పేరున్న ఒకటో కృష్ణుడికి అదే రాత్రి ఇంకో ఊళ్ళో కూడా నాటకం ఉంది. ఇక్కడ పదింటికి రావాల్సిన మనిషి రెండున్నరకు కారు దిగాడు. అప్పటికే గొంతు అరిగిపోయి ఉంది. ఈలోగా పోస్టర్‌లో పేరు చిన్న అక్షరాల్లో ఉన్న రెండో కృష్ణుడు ఆయన సీన్లు కూడా తన నెత్తిన వేసుకుని నాలుగు గంటలు పాడాడు. అద్దంకి దగ్గర్నించి బండి కట్టించుకుని పెద్దాయన కోసం వచ్చినవాళ్ళు మొదట గొడవ చేశారు. తెల్లారేసరికి చదివింపులు చిన్నాయన చేతిలో పడ్డాయి.

ఇంగ్లీషు మ్యూజికల్స్‌లో దీనికో పద్ధతి ఉంది. ముఖ్య పాత్రలకు అండర్‌స్టడీలు ఉంటారు. పెద్ద నటికి గొంతు పట్టేస్తే వాళ్ళు చేస్తారు. ఆ రోజు ఎవరు చేస్తున్నారో హాలు బయట బోర్డు మీద పెడతారు. పేరు చూసి టికెట్ కొన్నవాడికి టెన్షన్, నాటకం చూడ్డానికి వచ్చినవాడికి ఇబ్బందేమీ లేదు. నా మాట వింటే, ఒక్క మనిషి కోసం దూరం పోకండి.

అపోహ: ఊరూరా తిరిగే ట్రూపంటే రెండో రకం సరుకు

ఈ మాట అన్నవాళ్ళతో నాకు పోట్లాట. 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్ళో కీచకవధ ఆడి మొదలైన సురభి కుటుంబాలు పుట్టిందే తిరగడానికి. తోలుబొమ్మలాట ఆడించే వాళ్ళు మనుషులై స్టేజీ ఎక్కారు. తాతా, కోడలూ, మనవడూ అంతా ఆడతారు. అంతకు కొంచెం ముందు ధార్వాడ నాటక సమాజం వాళ్ళు కోస్తా ఊళ్ళలో ఆడి వెళ్ళబట్టే మనవాళ్ళకు ఈ నాటకాల పిచ్చి పట్టింది. అదీ తిరిగే ట్రూపే. ఆ పిచ్చి మా ప్రాంతంలో ఎంత దూరం పోయిందంటే, టంగుటూరి ప్రకాశం పంతులు గారు కూడా కుర్రతనంలో ఆడవేషాలు కట్టారు.

ఒకే నాటకాన్ని వందసార్లు ఆడినవాళ్ళకు ఎక్కడ జనం దగ్గుతారో కూడా తెలుస్తుంది. అసలు భయపడాల్సింది వేరే ఉంది. తిరిగేటప్పుడు ఏం వదిలేసి వస్తారు? సురభి వాళ్ళ 'మాయాబజార్'లో నారదుడు పైనుంచి దిగడం, బాణాలు గాలిలో ఢీకొనడం ఇవన్నీ వాళ్ళ సొంత స్టేజీ మీద, తీగెలూ తెరలూ బిగించుకుంటేనే జరుగుతాయి. ఏదో సభలో గంటసేపు ఆడమంటే రెండు సీన్లు ఆడి దణ్ణం పెడతారు. అది చూసి "సురభి ఇంతేనా" అన్నవాళ్ళను చూశాను. పూర్తి నాటకమా, ముక్కా? ఫోన్‌లో ఈ మాట అడగండి. పూర్తి నాటకమైతే హైదరాబాదు దూరం కాదు.

అపోహ: ఉచితంగా ఆడేదాంట్లో ఏముంటుంది?

2023 డిసెంబరులో గుంటూరులో నంది నాటకోత్సవాలు జరిగాయి. ఒంగోలు నుంచి రెండు మూడు గంటల దారి. రాష్ట్రం నలుమూలల నుంచి వడపోసిన ట్రూపులు, పొద్దుట్నుంచి రాత్రి దాకా ఒకదాని తర్వాత ఒకటి, టికెట్ లేదు. పైగా పోటీ కాబట్టి అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడతారు. ఇంతకు మించి చెప్పక్కర్లేదు.

అపోహ: ముందు వరుస టికెట్టే మంచిది

గాయకుడి ముఖం, కళ్ళనీళ్ళు చూడాలంటే ముందు వరుస మంచిదే. కానీ నారదుడు దిగేటప్పుడు తీగె కూడా కనబడుతుంది, సరదా పోతుంది. మ్యూజికల్లో ఇరవై మంది కలిసి ఆడే డాన్సు ముందు నుంచి చూస్తే కాళ్ళే కనబడతాయి. కాస్త ఎత్తులో, మధ్యలో కూర్చుంటే ఆ వరసలు, గుండ్రాలు అర్థమవుతాయి.

ఇంకో చిట్కా. హాల్లో సౌండ్ మిక్సింగ్ చేసే బల్ల ఎక్కడుందో చూడండి. ఎక్కువగా కింద, వెనక వైపు ఉంటుంది. ఆ మనిషి తన చెవికి బాగుండేలా సరిచేస్తాడు. కాబట్టి అతని చుట్టుపక్కల వినిపించేదే అసలు సౌండు. నేనైతే ఆ బల్లకు ముందు రెండు మూడు వరసల్లో సీటు వెతుక్కుంటాను. అక్కడ ధర కూడా చాలాసార్లు తక్కువే.

అపోహ: ఇంగ్లీషు రాకపోతే ఏం అర్థమవుతుంది?

2023 మేలో మా అబ్బాయి నన్ను బొంబాయి తీసుకెళ్ళాడు. ఆ ఏడే తెరిచిన నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్లో 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్'. అక్కడి పెద్ద హాల్లో 2,000 సీట్లు. 1959లో బ్రాడ్‌వేలో మొదలైన నాటకం, రోడ్జర్స్ సంగీతం. నా ఇంగ్లీషు రైలు టికెట్ చదివేంత. అయినా ఎక్కడా ఇరుక్కోలేదు, ఎందుకంటే వెళ్ళేముందు వారం రోజులు ఆ పాటలు విన్నాను, కథ మావాడితో చెప్పించుకున్నాను.

మన జనం చేసేది కూడా అదే కదా. తిరునాళ్ళలో రాయబారం చూడ్డానికి వచ్చేవాడికి కథ తెలీదా? పద్యాలు సగం వాడికే వచ్చు. ఇవాళ ఈయన ఎలా పాడతాడో చూద్దామని వస్తాడు. తెలిసిన పాటే మనిషిని కూర్చోబెడుతుంది. పిల్లలకు స్వరాలు నేర్పే పాట వచ్చినప్పుడు నా పక్క సీట్లో మావాడు నవ్వుతున్నాడు. ఏంట్రా అంటే, "మీరు సరిగమలు అంటున్నారు నాన్నా, పైకే" అన్నాడు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడలేదు. అంత బాగా పాడినా ఎవడూ వన్స్ మోర్ అనలేదు.

అపోహ: ఖర్చంటే టికెట్ ఖర్చే

నెల్లూరు వాడికి బొంబాయి రైలు ఇంటి ముందు ఆగదు. చెన్నై–బొంబాయి లైను రేణిగుంట, కడప, గుంతకల్లు మీదుగా పోతుంది. అంటే ముందు రేణిగుంట చేరాలి, ఆ తర్వాత దాదాపు ఒక రోజు రైల్లో. పోనూ రానూ, బస, తిండి, సెలవు కలిపి కాగితం మీద వేస్తే టికెట్టే అన్నిటికన్నా చిన్నదిగా కనబడే రోజులుంటాయి. అందుకే అంత దూరం పోయేటప్పుడు ఒకే ఊళ్ళో రెండు ప్రోగ్రాములు ఉండేలా చూసుకోండి. చెన్నై అయితే నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లే, మ్యాట్నీ చూసి రాత్రికి ఇంటికి రావచ్చు.

చెన్నైకి ఉన్న చిక్కు వానలు. 2023 డిసెంబరు మొదటి వారంలో అక్కడ ఒక కచేరీకి టికెట్లు తీసి పెట్టుకున్నాను. మిచాంగ్ తుపాను వచ్చింది. చెన్నై నీళ్ళలో మునిగింది, మా లైన్లో రైళ్ళు రద్దయ్యాయి, తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. రైలు డబ్బులు వెనక్కొచ్చాయి. కచేరీ టికెట్ డబ్బులకోసం రెండు నెలలు ఫోన్లు చేశాను, రాలేదు. నవంబరు, డిసెంబరుల్లో మన కోస్తాలో ఎక్కడికి పోవాలన్నా, రద్దయితే డబ్బులు ఇస్తారో లేదో చదివాకే నొక్కండి.

మొన్న మేనల్లుడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఏదో పౌరాణిక మ్యూజికల్ అట, పెద్ద ఊళ్ళన్నీ తిరుగుతోందట, లేజర్లు, పొగలు, టికెట్ మూడు వేలు. సంగీతం లైవా అని కనుక్కోమన్నాను. పది నిమిషాల్లో తిరిగి చేశాడు.

"కనుక్కున్నాను మామయ్యా. లైవ్ క్వాలిటీ అన్నారు."

"క్వాలిటీ సంగతి కాదురా, వాయించేవాళ్ళు ఎంతమంది?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆ మాట అడిగితే లైన్ కట్ చేశారు" అన్నాడు.

వాడు టికెట్ తీయలేదు. శివరాత్రికి కావలి వస్తానన్నాడు, ఆ రాత్రి మాకు నాటకం ఉంది. నలుగురం వాయిస్తాం.