పడవల కోసమూ తవ్విన కేసీ కాల్వ

కర్నూలు కాలనీల మధ్య నుంచి పారే కేసీ (కర్నూలు-కడప) కాల్వ నగరంలో చాలామందికి గుర్తొచ్చేది వినాయక నిమజ్జనం నాడే. కడప జిల్లాలో చివరి ఆయకట్టు రైతుకు మాత్రం అది ఏటా పోరాటమే. తూములకు నీళ్లెందుకు ఎక్కవో తెలియాలంటే 1860ల దాకా వెళ్లాలి.

దీన్ని తవ్వించింది సర్కారు కాదు, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఆర్థర్ కాటన్ ఆలోచన, లండన్ వాటాదారుల డబ్బు, దాని మీద 5 శాతం రాబడికి ప్రభుత్వ పూచీ. 1863లో పని మొదలైంది. తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా సుమారు 306 కిలోమీటర్లు. సాగుతో పాటు సరుకు పడవలూ నడవాలన్నది లెక్క. అందుకే దారి పొడవునా లాకులు కట్టారు. దిగువకు పోయే పడవ లాకులోకి రాగానే ఎగువ తలుపు మూసి, లోపలి నీటిని మెల్లగా దిగువకు వదులుతారు. మట్టం పడవతో సహా దిగుతుంది, అప్పుడు కింది తలుపు తీస్తారు.

పడవకు నిదానమైన లోతు నీరు కావాలి, మడికి జోరుగా పారే నీరు కావాలి. నీరు నిదానిస్తే ఒండ్రు పేరుకుంటుంది, తూటికాడ అల్లుకుంటుంది, పారుదల ఇంకా మందగిస్తుంది. ఎగువ తూములు తీసుకోగా మిగిలిందే కిందికి.

కంపెనీ అంచనా తప్పింది. నల్లరేగడిలో జొన్న, కొర్ర వానకే పండుతుంటే రైతు నీటితీరువా ఎందుకు కడతాడు? సముద్రం దాకా కలిపే కాల్వ రాలేదు, సరుకూ రాలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసింది.

తర్వాత వరి పెరిగింది. ఆయకట్టు ఇప్పుడు 2.65 లక్షల ఎకరాలు, కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ కేటాయింపు 39.9 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). కాగితం మీద ఇది తక్కువేమీ కాదు, లోటు నిల్వలో ఉంది. సుంకేసుల బ్యారేజీలో పట్టేది 1.2 టీఎంసీలే. పైనుంచి ప్రవాహం ఆగి, 3,000 క్యూసెక్కుల (సెకనుకు అన్ని ఘనపుటడుగుల) చొప్పున వదిలితే అయిదు రోజులకే ఖాళీ. 2017లో వచ్చిన ముచ్చుమర్రి ఎత్తిపోతల శ్రీశైలం నీటితో కొంత ఆదుకుంటోంది, కానీ అది కరెంటు ఖర్చుతో ఎక్కే నీరు. సుంకేసులకు ఎగువన గుండ్రేవుల దగ్గర 20 టీఎంసీల జలాశయం కట్టమని రైతులు ఊరికే అడగడం లేదు.