స్కాన్ అయ్యాక రీలు పారేయొచ్చా?

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఔత్సాహికులు తీసిన పుట్టినరోజులు, ఊరేగింపులు, బడి పండగల ఫిలిం రీళ్ల మీద పాత తగువు మళ్లీ లేచింది. స్కాన్ చేయించాక వెనిగర్ కంపు కొట్టే ఆ డబ్బాలెందుకు, పక్క రీళ్లనూ పాడుచేస్తాయి అంటున్నారు కొందరు. పాడుచేసే మాట నిజమే, కానీ రీలు పారేయకూడదు.

ఈ చిక్కుకు ముడి పడింది 1923లో, కొడాక్ కంపెనీ ఇళ్లలో వాడుకోవడానికి 16 ఎంఎం వెడల్పు ఫిలిం తెచ్చినప్పుడు. సెకనుకు 16 ఫ్రేముల లెక్కన నాలుగు నిమిషాల బొమ్మకు సినిమాల 35 ఎంఎంలో నెగటివ్ (వెలుగునీడలు తిరగబడిన ఫిలిం) 250 అడుగులు, దాన్నుంచి తీసే ప్రింటు మరో 250. కొత్త పద్ధతిలో మొత్తం 100 అడుగులే. కెమెరాలో తిరిగిన ఫిలిమునే డెవలప్ చేస్తారు, నెగటివ్ బొమ్మలోని వెండిని బ్లీచ్‌తో కరిగిస్తారు, మిగిలిన వెండి లవణానికి వెలుతురు చూపించి మళ్లీ డెవలప్ చేస్తారు. అదే పాజిటివ్, అంటే తెర మీద వేసే మామూలు బొమ్మ. దీన్నే రివర్సల్ అంటారు. ఖర్చు తగ్గింది, నెగటివ్ లేకుండా పోయింది. పనిగట్టుకుని కాపీ తీయిస్తే తప్ప ఉన్నది ఆ ఒక్క రీలే. 1932 నాటి 8 ఎంఎందీ ఇదే దారి. ఇళ్లలో నిప్పంటుకోకూడదని సులువుగా మండే నైట్రేట్ ఫిలిం మాని ఎసిటేట్ ఫిలిం వాడారు. ఇప్పుడు పులిసి వెనిగర్ కంపు కొడుతున్నది ఆ ఎసిటేటే.

వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్ల రోజుల్లో గోడ మీద బొమ్మ వేసి వీడియో తీయించి, రీలు పారేసినవాళ్ల దగ్గర మిగిలింది అంచులు తెగిన, మినుకుమినుకుమనే బొమ్మ. కొడాక్ ఫిలిం అంచున వృత్తం, చతురస్రం, త్రిభుజం గుర్తులుంటాయి. అవి ఫిలిం తయారైన ఏడాదిని చెబుతాయి. ఇరవయ్యేళ్లకోసారి అవే గుర్తులు తిరిగొస్తాయి గనుక 1928నా, 1948నా అన్నది బొమ్మలోని బట్టలు, బళ్లు చూసి తేల్చుకోవాలి. ఫ్రేము వరకే స్కాన్ చేస్తే ఆ ఆధారమూ పోతుంది. అమెరికా నుంచి వెళ్లిన డేవిడ్ కర్ట్స్ 1938లో పోలండ్‌లోని నాసీల్స్క్ ఊళ్లో తీసిన మూడు నిముషాల ఫిలిం 2009లో ఫ్లోరిడాలో దొరికేసరికి కుంచించుకుపోయి ఉంది. రీలంటూ మిగిలింది కాబట్టే దాన్ని బాగుచేయగలిగారు.

కుంచించుకున్న రీలును పాత ప్రొజెక్టర్‌లో పెడితే దాని చక్రాల పళ్లు ఫిలిం అంచు రంధ్రాల్లో కూర్చోక చించేస్తాయి. దానికి పళ్లు లేని, రోలర్ల మీద నడిచే స్కానరే దిక్కు. డబ్బాలో ఏ-డీ స్ట్రిప్ (పులుపు తగిలితే రంగు మారే కాగితం ముక్క) ఒకరోజు ఉంచండి. నీలంగానే ఉంటే ఫర్వాలేదు, ఆకుపచ్చగా మారితే పులుపు మొదలైనట్టు, పసుపైతే ముదిరినట్టు. అలాంటిదాన్ని వేరుచేసి, రెండు సంచుల్లో గాలి చొరకుండా కట్టి ఫ్రీజర్లో పెట్టాలి. బయటికి తీశాక ఒకరోజు ఆగాకే సంచి విప్పాలి, లేదంటే చెమ్మ పడుతుంది.