బోరు నీళ్లు, ఒక నోటుబుక్కు: చిన్న పరిశోధనల గురించి అపోహలు, వాస్తవాలు

విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆదివారాలు బడి పిల్లలు కూడా వస్తారు, వాళ్ల చేత చిన్న చిన్న ప్రాజెక్టులు చేయిస్తాను. బాలల సైన్స్ కాంగ్రెస్, ఇన్‌స్పైర్ మానక్ లాంటి బడి పిల్లల సైన్స్ పోటీలు దగ్గర పడితే తల్లిదండ్రుల ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, ప్రైజు వచ్చే ఐడియా ఒకటి చెప్పండి" అని. ఆ మాటలోనే సగం అపోహలు ఉన్నాయి. ఏళ్ల తరబడి వింటున్నవాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: పరిశోధన అంటే ల్యాబు, ఖరీదైన మెషిన్లు ఉండాలి.

అలలు పెద్దగా లేని చోట, పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లి, అంగుళాలు గీసిన ఒక కర్ర పాతండి. రోజూ పగటిపూట వచ్చే పోటు ఎన్ని గంటలకు వచ్చిందో, నీళ్లు ఏ గీత దాకా ఎక్కాయో రెండు వారాలు రాయండి. పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తోందని, అమావాస్య, పౌర్ణమి రోజుల దగ్గర నీళ్లు ఎక్కువ పైకి వస్తున్నాయని మీ నోటుబుక్కే చెబుతుంది. జాలారిపేటలో వేటకు వెళ్లేవాళ్లకు ఇది తరతరాలుగా తెలుసు. మీరు చేసే అదనపు పని దాన్ని అంకెల్లో పెట్టడం. కర్ర, గడియారం, ఓపిక ఉంటే చాలు.

అపోహ: టాపిక్ ఎంత పెద్దదైతే అంత మంచిది.

"విశాఖ తీరంలో కాలుష్యం, దాని ప్రభావాలు" అని రాసుకొచ్చిన పిల్లలను నేను వెంటనే అడిగేది ఒకటే. రేపు పొద్దున్న లేచి ఏం కొలుస్తావు? జవాబు రాకపోతే అది ఇంకా ప్రశ్న కాలేదు, శీర్షిక మాత్రమే. ఏం కొలవాలి, ఎక్కడ, ఎప్పుడెప్పుడు, ఏ యూనిట్లలో, ఈ నాలుగూ ఒకే వాక్యంలో ఇమడాలి. "మా వీధిలోని బోర్లలో, సముద్రానికి దగ్గరున్న వాటి నీళ్లు ఉప్పగా ఉన్నాయా? వానాకాలం ముందు, తర్వాత ఎంత తేడా?" ఇది పదో తరగతి అమ్మాయి ఒకతి తెచ్చిన ప్రశ్న. చిన్నదే, కానీ మర్నాడే సీసాలు పట్టుకుని బయలుదేరవచ్చు.

అపోహ: మీటరు చూపించిందంటే నిజమే.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువ ప్రాజెక్టులు పాడయ్యేది ఇక్కడే. కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం) మీటరు నిజానికి ఉప్పును కొలవదు. నీళ్లలోంచి కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో కొలిచి, దాన్ని ఒక అంకెతో గుణించి చూపిస్తుంది. ఆ అంకె కొన్ని మీటర్లలో 0.5, కొన్నింటిలో 0.7. డిస్టిల్డ్ వాటర్ లీటరులో సరిగ్గా 1 గ్రాము ఉప్పు కలిపి పెడితే ఒక మీటరు సుమారు 1000 అంటుంది, ఇంకోటి 1400 అంటుంది. రెండూ పాడైనవి కావు. కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ఒకే మీటరు వాడాలి, రోజూ ఆ ఉప్పునీళ్లలో ముంచి సరిచూసుకోవాలి. నీటి వేడి ఒక డిగ్రీ మారితే కరెంటు పోయే తీరు సుమారు 2 శాతం మారుతుంది. ఎండలో ఉన్న ట్యాంకు నీళ్లను, అప్పుడే తోడిన బోరు నీళ్లను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాలి. ఒక్కో శాంపిల్‌కు మూడు రీడింగులు తీసి మూడూ రాయాలి.

ఇంకోమాట. తాగునీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బీఐఎస్ చెబుతుంది. దాన్ని పట్టుకుని "టీడీఎస్ 120, కాబట్టి ఈ నీళ్లు సురక్షితం" అని పోస్టర్ మీద రాసేస్తారు. మీటరుకు సూక్ష్మజీవులు కనిపించవు. ఆ వాక్యాన్ని నమ్మి ఎవరో ఒకరు ఆ నీళ్లు తాగవచ్చు. అందుకే దాన్ని కొట్టివేయించేదాకా నేను వదలను.

అపోహ: అనుకున్నట్టు రాకపోతే ప్రాజెక్టు ఫెయిల్.

ఆ అమ్మాయి పదకొండు ఇళ్ల నీళ్లు పట్టుకొచ్చింది. సముద్రానికి దగ్గరైన కొద్దీ ఉప్పు పెరగాలి. తొమ్మిది చోట్ల అలాగే ఉంది, రెండు చోట్ల తిరగబడింది. బీచ్‌కు బాగా దగ్గరున్న ఒక ఇంట్లో నీళ్లు తియ్యగా ఉన్నాయి, దూరంగా ఉన్న ఒక అపార్టుమెంటులో ఉప్పగా ఉన్నాయి. "ఈ రెండూ తీసేస్తే గ్రాఫ్ బాగుంటుంది మేడమ్" అంది. చాలా టెన్షన్‌గా ఉంది పాపం. తీసేయకమ్మా, మళ్లీ వెళ్లి వాటి లోతు ఎంతో అడుగు అన్నాను.

మొదటిది పాతకాలపు నుయ్యి, లోతు తక్కువ. రెండోది చాలా లోతైన బోరు. తీరంలో భూమి కింద మంచినీళ్లు పైన, వాటికంటే బరువైన ఉప్పునీళ్లు కింద ఉంటాయి. లెక్క ప్రకారం మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక మీటరు పైన ఉంటే, దాని కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీళ్లు ఉంటాయి. పైన ఒక్క మీటరు తోడేస్తే కింద ఉప్పునీళ్లు ఎంత పైకి రాగలవో ఊహించండి. దూరం ఒక్కటే చూస్తే సరిపోదని, లోతు కూడా చూడాలని ఆ రెండు చుక్కలే చెప్పాయి. తీసేసి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. 1887లో మైకెల్సన్, మోర్లీ అనే శాస్త్రవేత్తలు దిక్కును బట్టి కాంతి వేగం మారుతుందేమోనని వెతికిన తేడా కూడా దొరకలేదు. దొరకలేదని వాళ్లు దాచుకోలేదు, అలాగే ప్రకటించారు. భౌతికశాస్త్రం దాన్ని ఇప్పటికీ తలచుకుంటోంది.

అపోహ: లెక్కలు మనవల్ల కాదు.

సగటు, ఎక్కువ తక్కువల మధ్య తేడా, మొత్తం ఎన్ని శాంపిళ్లు, ఈ మూడూ చెబితే బడి స్థాయికి చాలు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. సగటులో అనిశ్చితి సగానికి తగ్గాలంటే శాంపిళ్లు రెండింతలు తెస్తే చాలదు, నాలుగింతలు కావాలి. ఇలాంటి లెక్కల శాస్త్రాన్ని, అంటే గణాంకశాస్త్రాన్ని మలిచినవాళ్లలో ఒకరైన సి.ఆర్. రావు గారు గణితం చదివింది మన ఆంధ్రా యూనివర్సిటీలోనే. 1945లో ఆయన రాసిన ఒక్క పేపర్ ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది.

అపోహ: నెట్‌లో ఉన్నది ఎక్కిస్తే రిపోర్టు నిండుగా ఉంటుంది.

నిండుతుంది, కానీ మీది కాదు. ఎవరి మాట ఎక్కడి నుంచి తెచ్చారో రాయండి, అది చాలు. ఇంకొకటి, ఎవరింటి నీళ్లయినా అడిగి తీసుకోండి. పోస్టర్ మీద పేర్లు, డోర్ నంబర్లు వేయకండి.

అపోహ: ఇంగ్లీషులో, తళుకు స్లైడ్లతో చెబితేనే మార్కులు.

ముందు తెలుగులో మీ అమ్మమ్మకు చెప్పి చూడండి. ఆవిడ మధ్యలో ఆపి అడిగిన చోటే మీ రిపోర్టులో చీకటి ఉంది. గ్రాఫ్‌కు రెండు వైపులా ఏమిటో, ఏ యూనిట్లో రాయండి. అన్నిటికంటే ముందు ప్రశ్న చెప్పండి, తర్వాత ఎలా కొలిచారో, ఆ తర్వాతే ఏం దొరికిందో. ఏం కొలవలేదో కూడా మీ నోటితో మీరే చెప్పండి. నోటుబుక్కును బల్ల మీదే ఉంచండి, కొట్టివేతలతో సహా, ఫెయిర్ కాపీ వద్దు. తేదీలున్న ఆ పేజీలే మీ సాక్ష్యం.

ఆ అమ్మాయి పోస్టర్ దగ్గర ఒక న్యాయనిర్ణేత గ్రాఫ్‌లో ఆకుపచ్చ చుక్క మీద వేలు పెట్టి, ఇదొక్కటే రంగు ఎందుకు మారింది అని అడిగారు. అమ్మాయి నోటుబుక్కు తిప్పి పేజీ చూపించింది. "ఆ బోరు లోతు ఎంతో ఇంటివాళ్లకు గుర్తులేదండి. అందుకే దాన్ని విడిగా పెట్టాను."